ఇల్లు మారునపుడు ట్రాక్టరు తొట్టి

పేరు చివర 'వలస' అను మాట గల ఊళ్లు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో చాల కలవు. ఆమదాలవలస, కొత్తవలస అందరు ఎరిగినవే. ఎచ్చటినుండియో తరలివచ్చిన కుటుంబములు నిలిచి కాపురము పెట్టుకొన్న చోటు వలస. కావున ఇల్లు మారుట ఈ ప్రాంతపు జనులకు క్రొత్త కాదు. నాడు ఎడ్లబండిపై తట్టాబుట్టా వేసికొని కదలినవారి మనుమలు నేడు ట్రాక్టరు తొట్టిపై బీరువాలు, మంచములు వేసికొని కదలుచున్నారు. పిల్లల చదువునకై బూర్జ, సరుబుజ్జిలి మండలముల నుండి ఆమదాలవలసకు వచ్చువారు, రైలు సౌకర్యము చూచుకొని స్టేషనుకు దాపున ఇల్లు అద్దెకు తీసికొనువారు, ఉద్యోగము మారి శ్రీకాకుళమునకు పోవువారు, వీరిలో అనేకుల సామాను తొట్టిమీదనే సాగును. వంశధార రెండవ దశ జలాశయమునకై హిరమండలము, కొత్తూరు మండలములలోని గ్రామములు 2017 ప్రాంతమున ఖాళీ అయినపుడు ఊళ్లకు ఊళ్లే సామాను తరలించుకొనవలసి వచ్చినది.

ఈ బండిని కొందరు ట్రక్కు అందురు, కొందరు ట్రాలీ అందురు. మేము తొట్టి అని వ్రాయుచున్నాము. సొంత యంత్రము లేక, మరియొక బండి లాగగా మాత్రమే కదలుట దాని లక్షణము. దానికి తానై ఆగు శక్తియు చాలచోట్ల లేదు. ఈ రెండవ సంగతిని మరచుటవలననే ప్రమాదములు కలుగుచున్నవి.

ఒక వేసవి వేకువన పాలకొండ రోడ్డున ఆమదాలవలస వైపు వచ్చుచు, టీ కొట్టువద్ద ఆగియున్న అట్టి తొట్టి నొకదానిని చూచితిమి. అడుగున పది పదునైదు ధాన్యపు బస్తాలు, వాటిపై తలక్రిందుగ వేసిన రెండు మంచములు, వెనుక అంచున నిలువుగ ఇనుప బీరువా, దాని ప్రక్కనే గ్యాసు సిలిండరు. అన్నిటికంటె పైన పరుపుల మూటమీద ఒక ముసలమ్మ కూర్చున్నది. ఆమె ఒడిలో చీరలో చుట్టిన దేవుని పటము, చెరియొక ప్రక్క ఇద్దరు పసివారు. ట్రాక్టరు మడ్‌గార్డుల మీద ఇద్దరు మగవారు. తోలుచున్న కుర్రవానికి పదునారేండ్లు నిండినవో లేదో. తొట్టి వెనుక దీపము లేదు. ట్రాక్టరును తొట్టిని కలుపు పిన్ను ఉండవలసిన చోట వంగిన ఇనుప కడ్డీ యున్నది.

"ఈ కడ్డీ ఎన్నాళ్లనుండి బాబూ?" అని అడిగితిమి.

"అయిదారు నెల్లయింది బాబూ, ఏటీ అవనేదు" అని కుర్రవాడు బదులు చెప్పెను.

ముసలమ్మ పైనుండి, "మూర్తం దాటిపోతాది బావూ, మమ్మల్ని ఒగ్గీండి" అని వేడుకొన్నది.

ఏమియు కాలేదనుమాట నిజమే. కాని ఆ అయిదారు నెలలు ఆ కడ్డీ మోసినది పేడయెరువు, ఇసుక, ధాన్యము. ఇంటి సామాను వేరు. ఆమదాలవలస చక్కెర కర్మాగారము నడచిన రోజులలో చెరకు తోలిన పెద్దలను అడిగిన ఈ భేదమును వారు చక్కగ చెప్పగలరు. చెరకు బరువైనది, కాని కట్టలు ఒకదానిపై నొకటి ఒత్తుకొని కదలక యుండును. ధాన్యపు బస్తా పడిన చోట పడియుండును. ఇంటి సామాను తేలికయే, కాని ఎత్తుగ పేర్చబడును. బీరువా జారును, మంచపు కోళ్లు ఒకదానినొకటి నెట్టును, పరుపులు కుదుపునకు అణగగా కట్టిన త్రాడు వదులగును. ఎత్తు పెరిగినకొలది బరువు నిలుచు స్థానము పైకి పోవును. నేలబారుగ నున్న బస్తాల బండి సులభముగ తిరిగిన మలుపులోనే ఎత్తు సామాను బండి ఒక చక్రమును లేపును. 'ధాన్యము వేసికొని వందసార్లు పోతిమి, ఈ పాటి సామాను ఒక లెక్కా' అనుకొనుట వలన ఇల్లు మారువాడు మామూలు రోజుకంటె తక్కువ జాగ్రత్త పడుచున్నాడు. ఆనాడు పడవలసినది ఎక్కువ జాగ్రత్త. ఏలయనగా, మామూలు రోజున తొట్టిలో ఎరువుండును, ఆనాడు ఇంటిల్లిపాది యుందురు.

తొట్టిపై మనుష్యులు ఎక్కిన ఏమగునో మన తెలుగు నేలయే చూచినది. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద పొలము పనికి పోవు కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడగా 15 మంది ప్రాణములు పోయినవి. వారు ఇంచుమించు అందరును స్త్రీలు. 2020 మే 14న ప్రకాశము జిల్లా నాగులుప్పలపాడు మండలమున మిరపకోత ముగించుకొని వచ్చుచున్న కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభమును గుద్దినది. తీగలు తెగి మీద పడుటచే అనేకులు మరణించిరి. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూరు జిల్లా ఘాటంపూర్ వద్ద గుడికి పోయి వచ్చుచున్న వారి తొట్టి చెరువులో బోల్తాపడి 25 మందికి పైగా మరణించిరి. తొట్టి బోల్తాపడినపుడు దానిలోని వారికి పట్టుకొనుటకు కమ్మి లేదు, ఆపుటకు పట్టీ లేదు. పైగా తొట్టి వారిమీదనే పడును. ఇంటి సామాను కూడ ఉన్నయెడల బీరువాయు మీదనే పడును.

ఇక చట్టము సంగతి. ట్రాక్టరు తయారైనది ఒక్కరు కూర్చుండుటకే. మడ్‌గార్డు ఆసనము కాదు. తొట్టి సరుకులకై నమోదైనది. ట్రాక్టరుకు ఒక నంబరు, తొట్టికి వేరొక నంబరు ఉండవలెను. ట్రాక్టరు కాగితములు సరిగ నున్నవని తొట్టికి నమోదు లేకుండ రోడ్డెక్కించుట తప్పు. సరుకుల బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికునకు బీమా సంస్థ పరిహార మీయ నవసరము లేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. 'సామాను మాది, మేము యజమానులము గదా' అని కొందరు వాదింతురు. సరుకు యజమానికి, అతని ప్రతినిధికి 1994 చట్టసవరణ బీమా రక్షణ కల్పించిన మాట నిజము. కాని అట్టివాడు డ్రైవరు క్యాబినులో కూర్చుండి పోవువాడై యుండవలెనని, సరుకుపై కూర్చున్నవానికి అది చెల్లదని, ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక వ్యాజ్యమున 2007లో సుప్రీంకోర్టు తేల్చినది. ట్రాక్టరుకు అట్టి క్యాబినే లేదు. వ్యవసాయపు పనికని బీమా చేయించిన ట్రాక్టరును కిరాయికి త్రిప్పినచో ఆ బీమాయే ప్రశ్నార్థకమగును. అపుడు పరిహారపు భారము బండి యజమాని నెత్తిన పడును. ఒక్క వేకువ పని అతని పొలమును అమ్మించగలదు.

పిల్లవాడు తోలుట ఇంకను గట్టి నేరము. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము మైనరు బండి తోలి నేరమునకు పాల్పడిన, అతని సంరక్షకునకు లేక బండి యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడును, బండి నమోదు పన్నెండు నెలలు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు రాదు. పట్టణమున ఉద్యోగమునకు పోగోరు యువకునకు ఇది చిన్న నష్టము కాదు.

ఇన్ని చెప్పినను అసలు పని రోడ్డుమీద కాక, ఇంటి వాకిట సామాను ఎక్కించునపుడే జరుగును. ఎడ్లబండి కట్టిన మన పెద్దలకు ఇది తెలిసిన విద్యయే. బరువు వెనుకకు మొగ్గిన నొగలు పైకి లేచి ఎద్దుల మెడక్రింది పలుపులు గొంతునకు బిగియును. ముందుకు మరీ మొగ్గిన కాడి మెడలను అణగద్రొక్కును. బండివాడు ఇరుసుకు ముందు ఒక బస్తా, వెనుక ఒక బస్తా సవరించి, కాడి మెడపై కొంచెముగ ఆనునట్లు చూచుకొనెడివాడు. రెండు చక్రముల తొట్టికిని ఇదియే సూత్రము. మొత్తము బరువులో ఇంచుమించు పదవ వంతు నుండి ఏడవ వంతు వరకు ట్రాక్టరు కొక్కెముపై ఆనవలెను. అందులకై సామానులో నూటికి అరువది వంతులు ఇరుసుకు ముందును, నలువది వంతులు వెనుకను ఉండునట్లు సర్దవలెను. వెనుక బరువు ఎక్కువైన తొట్టి కొక్కెమును పైకి లాగును, ట్రాక్టరు వెనుక చక్రములకు పట్టు తగ్గును, వేగము పెరిగినపుడు తొట్టి పాము వలె అటునిటు ఊగును. మేము చూచిన తొట్టిలో బీరువా సరిగ్గా వెనుక అంచుననే యుండెను.

బీరువా ఖాళీచేసి, తలుపు తాళము వేసి, తొట్టి ముందు పలకకు ఆనించి, దానికే కట్టవలెను. ధాన్యము, రోలు, తిరగలి, పాత్రల పెట్టెలు అడుగున ఇరుసు దగ్గర ఉండవలెను. 80 కిలోల బస్తాలు నలుబది వేసిన 3,200 కిలోలగును. అది పెక్కు ట్రాక్టర్ల బరువుకంటె హెచ్చు. కావున ధాన్యము, సామాను ఒక్కసారిగ తోలవలెనను లోభమును విడిచి రెండు తడవలు పోవుట మేలు. అనుమతించిన బరువును మించి పోయిన ఇరువది వేల రూపాయలు, మించిన ప్రతి టన్నుకు మరి రెండు వేలు జరిమానాగ చట్టమున నున్నది. డీజిలు ఖర్చు అంతకంటె చవుక. పరుపులు, బుట్టలు మాత్రము పైన ఉండవచ్చును. గ్యాసు సిలిండరు వాల్వు మూసి, మూత బిగించి, నిలువుగ కట్టవలెను, ప్రక్కకు దొర్లింపరాదు. ఇన్వర్టరు బ్యాటరీ ఒరిగిన ఆమ్లము కారును. మంచపు కోళ్లు తొట్టి దాటి వెనుకకు వచ్చినచో పగలు ఎర్రగుడ్డ, చీకటిలో ఎర్రదీపము కట్టవలెను.

కట్టుటకు పాత మోకు చాలదు. ఏ త్రాడైనను మొదటి రెండు మూడు కిలోమీటర్లలో వదులగును. సామాను సర్దుకొనుటయే అందులకు కారణము. ఊరు దాటగానే ఆగి మరల బిగించువాడు నేర్పరి. ఈ ఒక్క అలవాటు మన పల్లెలలో చాల అరుదుగ కనబడుచున్నది. అందుచేత ప్రత్యేకించి చెప్పుచున్నాము.

తరువాత కొక్కెము. ట్రాక్టరునకు తొట్టికి మధ్య బంధము ఆ ఒక్క పిన్నే. అది సరిపడు మందమున్న ఉక్కు పిన్ను అయియుండి, పైకి లేవకుండ క్రింద చీలపిన్ను వేసియుండవలెను. దానికి మారుగ కడ్డీ, బోల్టు, సుత్తిపిడి పెట్టుట మేము చూచితిమి. గుంతలో ముందు చక్రము పడి లేచినపుడు తొట్టి కొక్కెము ఎగురును. చీలపిన్ను లేని కడ్డీ ఆ ఎగురుటతో ఊడును. అందుచే పిన్నుతోబాటు ఒక ఇనుప గొలుసు కూడ ట్రాక్టరు చట్రమునకు, తొట్టి కాడికి కలిపి వేయవలెను. పిన్ను ఊడినను గొలుసు తొట్టిని ఎదుటివారిమీదికి పోనీయదు. కొక్కెము ఎంత ఎత్తున తగిలింపబడినదియు చూడవలెను. కంపెనీవారు అమర్చిన చోటుకంటె పైన, నాగలి ఎత్తు కమ్ములకు తగిలించి బరువు లాగించిన ట్రాక్టరు ముందు చక్రములు లేచును. ముందు లేచుచున్నదని బానెట్టు మీద మనుష్యులను కూర్చుండబెట్టుట ఆపదపై ఆపద తెచ్చుకొనుటయే.

మరియొక రహస్యము ట్రాక్టరు బ్రేకులలో నున్నది. పొలములో చిన్న మలుపు తిరుగుటకై ఎడమ వెనుక చక్రమునకు ఒకటి, కుడిదానికి ఒకటి, వేరువేరు బ్రేకు పెడళ్లు అమర్చియుందురు. రోడ్డెక్కునపుడు ఆ రెండింటిని కలుపు గడియ వేయవలెను. వేయనిచో తొందరలో ఒక పెడలే త్రొక్కబడి ట్రాక్టరు ఒక్క ప్రక్కకు మొగ్గును, వెనుక తొట్టి తన బరువుతో దానిని త్రోయును. ఇట్లు బోల్తాపడిన బండ్లను చూచి 'స్టీరింగు పట్టుకొన్నది' అనుకొనుట కలదు. అసలు దోషము గడియది కావచ్చును. గడియ వేయుటకు ఒక్క క్షణము చాలును.

వేగము విషయమున ఒక చిన్న లెక్క. బ్రేకు పడిన తరువాత గంటకు 20 కిలోమీటర్ల వేగమున 8 మీటర్లలో ఆగు బండి 40 కిలోమీటర్ల వేగమున 32 మీటర్లు పోవును. వేగము రెట్టింపైన ఆగు దూరము నాలుగు రెట్లగును. అదిగాక 40 కిలోమీటర్ల వేగమున ప్రతి సెకనుకు 11 మీటర్లు సాగుదుము, మనసు కాలికి చెప్పులోపలనే ఎద్దు అడ్డము వచ్చి యుండును. ఇంటి సామాను తొట్టికి 20 కిలోమీటర్లు చాలినంత వేగము. కల్వర్టు దిగునపుడు డీజిలు ఆదాకై గేరు తీసి న్యూట్రల్‌లో వదలుట మహాపరాధము. ఎక్కిన గేరులోనే దిగవలెను. నారాయణపురము ఆనకట్ట కాలువల గట్లమీద, తడిసిన మన్నుమీద, అంచునకు పోరాదు, గట్టు అంచు బరువునకు కూలును. మలుపులో తొట్టి చక్రములు ట్రాక్టరు చక్రముల జాడలో నడువక లోపలి వైపునకు కోసికొని పోవును. సందు మలుపున గోడ ప్రక్క నిలిచిన బిడ్డకు దీనివలననే అపాయము. వెనుకకు నడుపునపుడు స్టీరింగు త్రిప్పిన దిక్కునకు వ్యతిరేకముగ తొట్టి పోవును. అలవాటు లేనివాడు వెనుకకు నడుపుట మాని, ముందుగనే తిరుగు చోటు చూచుకొనవలెను. తప్పనిసరియైన ఒక పెద్దమనిషి డ్రైవరుకు కనబడునట్లు నిలిచి, ఇతరులను దూరముగ నుంచి, చేయి చూపవలెను.

రైలుగేటు గల దారిన పోవువారు గేటుకు ముందున్న ఎత్తు కమ్మిని అలక్ష్యము చేయరాదు. రైలుమార్గముపై తీగలో 25,000 వోల్టుల విద్యుత్తున్నది. కమ్మికి తగిలిన సామానును కర్రతో అణచి దూర్చుట కాదు, దింపి మరల పేర్చవలెను. ఊరిలో వ్రేలాడు తీగలను కర్రతో ఎత్తిపట్టి తొట్టిని దాటించుటయు మేము చూచియున్నాము. ఆ కర్ర తడిసియుండిన మరి చెప్పనక్కరలేదు.

ఇల్లు మారుట తరచు చీకటిలో జరుగును. ముహూర్తము తెల్లవారుజామున పడును, మంచిదని పంచాంగములో నున్న దినమున ఊరిలో నాలుగు ఇండ్లవారు ఒక్కసారే కదలుదురు. చీకటిలో దీపములేని తొట్టి, రోడ్డు రంగులోనే కలిసిపోవును. వెనుకనుండి వచ్చు ద్విచక్రవాహనము వాడు దానిని గుర్తించునప్పటికి దూరము మిగులదు. వెనుక ఎర్ర దీపములు, వెనుక ఎరుపు, ముందు తెలుపు, ప్రక్కల పసుపు రంగు మెరయు పట్టీలు అవసరము. ఈ పట్టీలకు అగు ఖర్చు ఒక బస్తా బియ్యముకంటె తక్కువ. త్రోవలో చక్రము చెడిన తొట్టిని రోడ్డు వారకు త్రోసి, వెనుక దూరముగ హెచ్చరిక గుర్తు నిలుపవలెను. చక్రము క్రింద అడ్డముంచిన రాళ్లను బండి కదలిన తరువాత రోడ్డుమీదనే వదలిపోవుట మన దేశపు దుర్గుణము. ఆ రాయి మరునాడు మరియొకరిని పడవేయును.

విదేశమున నున్న మన పిల్లలు వచ్చినపుడు, 'అక్కడ కారుకే చిన్న తొట్టి తగిలించి ఇల్లు మారుదురు' అని చెప్పుచుందురు. అది నిజమే. 1945లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున షోయెన్ దంపతులు ప్రారంభించిన యు-హాల్ సంస్థ ఇట్టి తొట్లను అద్దెకిచ్చుట ఒక పెద్ద వ్యాపారముగ ఎదిగినది. ఆ సంస్థయు సామానులో నూటికి అరువది వంతులు ముందువైపున ఉండవలెననియే చెప్పును, గంటకు 55 మైళ్లు దాటరాదనును. బ్రిటనులో బ్రేకులేని తొట్టి సామానుతో సహా 750 కిలోలను గాని, కారు బరువులో సగమును గాని, ఏది తక్కువైన దానిని మించరాదని నియమము. అచ్చటి కారువాడు తొట్టి బరువును కాగితముపై చూచి బయలుదేరును. మన ప్రాంతమున కారు వెనుక తొట్టి కట్టువారు అరుదు. కట్టదలచినవారు ఆ కారు ఎంత లాగగలదో తయారీదారు పుస్తకమున చూడవలెను, తొట్టిని నమోదు చేయించవలెను. కొక్కెము తగిలించుటకు స్థలమున్నంత మాత్రమున కారుకు లాగు శక్తి వచ్చినట్లు కాదు.

పంచాయతీ సభ్యులు చేయదగినది ఈ విషయమున చాల కలదు. ఊరిలో ఏ ఇంట ట్రాక్టరున్నదో, ఏ తొట్టికి నంబరు లేదో, ఏ ఇంటి పిల్లవాడు తోలుచున్నాడో పోలీసుకంటె ముందు వార్డు సభ్యునకు తెలియును. కోతలకు ముందు ఒక దినము తొట్లన్నిటిని బడి మైదానమునకు రప్పించి, మోటారు వాహనముల తనిఖీ అధికారిని ఆహ్వానించి, పిన్ను, గొలుసు, దీపములు, టైర్లు చూపించవచ్చును. జరిమానా భయముతో కాక మెరయు పట్టీలు అక్కడనే అంటింతుమను ఆశతో పిలిచిన వత్తురు. దాతలు ప్రతి ఊర నుందురు. వ్రేలాడు తీగల విషయము విద్యుత్ పంపిణీ సంస్థకు 1912 నంబరుకు ఫోనుచేసి తెలుపవచ్చును. కాలువ కల్వర్టుకు పిట్టగోడ కూలియున్న, మలుపున తుమ్మకంప దారిని మూసియున్న, గ్రామసభలో వ్రాయించి తీర్మానము చేయవలెను. వ్రాతలో నున్న కోరికకు అధికారి జవాబు చెప్పవలసి యుండును. పంచాయతీకే చెత్త తోలు ట్రాక్టరున్నచోట మొదట ఆ తొట్టికి దీపములు పెట్టించిన మిగిలినవారికి చెప్పుట సులభము. తెలంగాణమున 2019 తరువాత గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, తొట్లు సమకూర్చిరి. అక్కడను పంచాయతీ డ్రైవరును చూచియే ఊరి కుర్రవారు నేర్తురు.

మనుష్యుల ప్రయాణము సంగతి సభ్యులు ప్రత్యేకముగ పట్టించుకొనవలెను. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మున్నగు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణము లభించుచున్నది. తల్లులు, పిల్లలు తొట్టి ఎక్కవలసిన అగత్యము లేదు. ముహూర్తవేళకు బస్సు లేదందురు. ముహూర్తమునకు కావలసినది దీపము, దేవుని పటము, పాలగిన్నె, ఇంటి ఇల్లాలు. బీరువాకు ముహూర్తము లేదు. ఇంటివారు ఆటోలో ముందు పోయి పాలు పొంగించుకొని, సామానును తెల్లవారిన తరువాత తెప్పించుకొనిన శాస్త్రమునకు లోపము రాదు. ఊరి పురోహితుడు ఈ మాట చెప్పిన, మేము పది వ్యాసములు వ్రాసినదానికంటె ఎక్కువ పని జరుగును. ఆయనను కూడ ఆ తనిఖీ దినమునకు పిలువుడు.

ప్రమాదము జరిగినచో తొట్టిక్రింద చిక్కినవారిని చేతులతో లాగవద్దు. తొట్టి మరల ఒరుగకుండ చక్రములకు అడ్డము పెట్టి, 108కి, 112కి ఫోను చేయవలెను. తీగ తెగి పడియున్న విద్యుత్తు ఆపువరకు ఎవరును దగ్గరకు పోరాదు.

టీ కొట్టువద్ద మేము చూచిన కుటుంబము మా మాట సులభముగ వినలేదు. టీ కొట్టాయన ఎరిగిన ఆటో నొకదానిని పిలిచి, ముసలమ్మను, పిల్లలను, పటమును, పాలచెంబును అందులో పంపుటకు అరగంట పట్టినది. కుర్రవాని మామ ట్రాక్టరెక్కెను. లైసెన్సు అతనికే యున్నది. బీరువాను ముందుకు జరిపిరి. పిన్నుకై మాత్రము ఆమదాలవలసలో దుకాణము తెరచువరకు ఆగవలసి వచ్చెను, కుర్రవాడు మోటారుసైకిలుపై పోయి తెచ్చెను. పది గంటలకు మేము పని ముగించుకొని స్టేషను వీధిన పోవుచుండగా తొట్టి అప్పుడే వాకిట ఆగుచున్నది. గుమ్మమునకు పసుపు రాసియున్నది, లోపల పాలు పొంగిన వాసన వచ్చుచున్నది. ముసలమ్మ అరుగుమీద నుండి లేవక, పైనున్న మంచము వైపు చేయి చూపి, "నా మంచం కోడు ఇరగనేదు గదరా?" అని అడుగుచున్నది.